విప్పి కుట్టిన వరస

గురువారం పదింటికి
చర్చి వెనక హాల్లో హీటరు దగ్గుతూ లేస్తుంది.
కిటికీ అవతల అట్లాంటిక్ ఉందని
పొగమంచు మాటవరసకి ఒప్పుకుంటుంది.
న్యూఫౌండ్లాండ్‌లో మార్చి అంటే అంతే,
ఉన్నవాటిని గుర్తుంచుకోవాలి.
చెక్క ఫ్రేముకి బొంత బిగించి చుట్టూ కూర్చుంటాం.
పీతల పడవలు నీళ్ళలోకి దిగేలోపు ఇది అయిపోవాలి.

ముప్పై ఒక్క ఏళ్ళుగా నా మొదటి పాఠం ఒకటే:
దారం మూరకి మించి తీయొద్దు.
పొడుగు దారం బద్ధకస్తురాలి దారం,
మిగిల్చిన కాలాన్ని చిక్కులు వేసి
వడ్డీతో వసూలు చేసుకుంటుంది.
రెండోది: ముడి కనబడకూడదు.
చిన్నగా గుంజితే టప్పున గుడ్డ లోపలికి దూకాలి,
చెప్పకుండా దాచుకున్న మాటలా.
మూడో పాఠం లేదు. టీ ఉంది.

ద్రుసిల్లా మొలాసిస్ రొట్టె తెస్తుంది,
పొడి రాలుతుందని నేను కసురుతాను,
రెండు ముక్కలు తింటాను.
గాలికి ఎవరి షెడ్డు కప్పు లేచిందో,
ఎవరి మోకాలికి ఏ డాక్టరు ఏం చెప్పాడో
సూదితో పాటు కిందికీ పైకీ వస్తుంటుంది.
చూపు బట్ట మీద ఉంటే
నోరు నిజం చెప్పేస్తుంది.
ఎవరి మొహమూ చూడనక్కర్లేదు కదా.
మినా తన మొగుణ్ణి ఎప్పుడూ ప్రేమించలేదని
ఒక ఆకుపచ్చ ముక్క అంచు మడుస్తూ చెప్పింది.
ఎవరూ తలెత్తలేదు.
కత్తెర ఇటివ్వమంది ద్రుసిల్లా.

నేను చెప్పనిది ఒకటుంది.
ఎఫీ చేరిన కొత్తలో
ఆమె కుట్లు కప్ప గంతులు.
అందరూ వెళ్ళాక, తాళం వేసే నెపంతో ఆగి,
దీపం కిందికి లాగి
ఆమె వరసంతా విప్పేదాన్ని.
అవే రంధ్రాల పక్కన మళ్ళీ కుట్టేదాన్ని,
అంగుళానికి పదకొండు.
మరుసటి గురువారం ఎఫీ దాన్ని నిమిరి
"చూశావా, చెయ్యి తిరిగింది" అనేది.
"అవును" అనేదాన్ని.
రెండు చలికాలాలు అలా అబద్ధమాడాను.
తర్వాత విప్పాల్సిన పని లేకపోయింది,
ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు.

ఈ ఏడు కంట్లో పొర వచ్చింది.
సూది బెజ్జం నా నుంచి దాక్కుంటోంది.
ఎవరో పన్నెండు సూదులకి దారం ఎక్కించి
నా దిండుకి గుచ్చి పెడుతున్నారు.
ఎవరని అడగలేదు, అడిగితే
థాంక్స్ చెప్పాలి, చెబితే
కళ్ళు పోతున్నాయని ఒప్పుకోవాలి.
మెట్ల మీద మంచు గడ్డకడుతోందని
తాళం ఎఫీకి ఇచ్చాను.

ఇవాళ తొందరగా వచ్చి, చలికి చేతులు రుద్దుకుంటూ
నీలి నక్షత్రం చుట్టూ పోయినవారం నేను వేసిన వరస తడిమాను.
అది ఎడమకి ఒరిగిందని నాకు తెలుసు,
తెలిసే వదిలేశాను, విప్పే ఓపిక లేక.
ఇప్పుడది తిన్నగా ఉంది.
గోరుతో లెక్కపెట్టాను: పదకొండు.
కుట్టు ఏటవాలు మాత్రం అటువైపు వాలి ఉంది,
ఎడమచేతివాటం వాళ్ళకి వాలినట్టు.
ఈ గదిలో ఎడమచెయ్యి ఒక్కటే.

కోపం వచ్చింది ముందు. అది నిజం.
తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని
ఒక్కదాన్నే నవ్వుకున్నాను.
ఇన్నాళ్ళూ ఆమెకి తెలిసే ఉందా?

పదింటికి ఎఫీ వచ్చి ఎదురుగా కూర్చుంది.
నక్షత్రాన్ని నిమిరి
"చెయ్యి ఇంకా పడిపోలేదు చూశావా" అన్నాను.
"లేదు" అంది, దారం కొరుకుతూ.
దారం కొరకొద్దని ఎన్నిసార్లు చెప్పానో.

టేగన్‌కి పదహారేళ్ళు, ఇవాళ రెండో క్లాసు.
నాలుక కొస బయటపెట్టి
నారింజ ముక్క మీద కప్పల్ని గెంతిస్తోంది.
ఎఫీ చెయ్యి జేబులో తాళంచెవిని తడిమింది.
"ఈ సాయంత్రం నేనూ కాసేపు ఉంటానులే" అన్నాను.
ఆమె సూది ఆగలేదు.
"అయితే కెటిల్ కడగను" అంది.